ఉపవాసం లేని ఇద్దరు

మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ఇద్దరు ఉపవాసం ఉండరు. మిగతావాళ్లం ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టుకోం. ఆ ఇద్దరు మాత్రం ఇంట్లో కడుపునిండా తినే రావాలి. ఎవరి వంతు ఎప్పుడో రాసిన కాగితం మెట్ల పక్క గోడకు అంటించి ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని ఇడ్లీ డ్యూటీ అంటారు. "ఈ నెల ఇడ్లీ డ్యూటీ ఎవరిదన్నా?" అని అడిగి నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను.

అయితే ఈమధ్య, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే ఒక సాక్ష్యకూటంలో ఒక తమ్ముడు లేచి ఈ ఆచారం ఎట్లా మొదలైందో చెప్పాడు. దిక్కులేని ఒక అన్యురాలు మన దగ్గరికి వచ్చిందనీ, మనం వెంటనే లేచి వెళ్లి ఆమెను ఆదుకున్నామనీ, ఆమె భర్త శవాన్ని కూడా మనమే మోశామనీ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తమ్ముడు అప్పటికి మా సంఘంలో లేడు. తాను విన్నది చెప్పాడు. అతని తప్పేమీ లేదు. కానీ ఆ "వెంటనే" అన్న మాట దగ్గర నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. మేం మోసిన మాట నిజం. వెంటనే లేచిన మాట నిజం కాదు. మూడు గంటలు లేవలేదు. ఆ మూడు గంటల సంగతి దగ్గరుండి చూసినవాణ్ని నేనే కాబట్టి, ఆ తప్పులో మొదటి భాగం కూడా నాదే కాబట్టి, ఇంకెవరైనా దాన్ని మరింత అందంగా చెప్పకముందే రాసిపెడుతున్నాను.

మా సంఘం ఎల్బీనగర్ చౌరస్తా వెనక గల్లీలో, ఒక హార్డ్‌వేర్ షాపు పైన రెండో అంతస్తులో కూడుతుంది. నేను పనిచేసేది దిల్‌సుఖ్‌నగర్‌లో, జిరాక్స్, స్పైరల్ బైండింగ్ షాపులో. కోచింగ్ సెంటర్ల పిల్లలు తెచ్చే నోట్సుకు రంధ్రాలు కొట్టి చుట్టలు ఎక్కించడం నా పని. పదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత నా చదువంతా షాపుకు దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో సాగింది. అక్కడి తెలుగు పుస్తకాల బీరువాల్లో మూడింటిని వరుసగా చదివి పూర్తిచేశాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గు లేదు. ఆ చదువు వల్లనే సంఘంలో ప్రార్థన మనవుల పుస్తకం నా చేతికిచ్చారు.

ఆ పుస్తకం సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. ఆదివారం వచ్చేవాళ్లు తమ కష్టాన్ని గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న నాకు చెప్తారు. నేను దాన్ని చీటీ మీద రాసి, మూలన నంబరు వేసి, పుస్తకంలో కూడా ఎక్కిస్తాను. వాక్యం చెప్పడమూ బల్లారాధనా అయ్యాక మా పాస్టరు అయ్యగారు చీటీలు వరుసగా చదువుతారు, అందరం ఆమెన్ అంటాం. జనం చెప్పేది ఎట్లా ఉన్నా నేను రాసేది మాత్రం చదవడానికి హాయిగా ఉండాలని నా పట్టుదల. అయ్యగారిది కోస్తా వైపు. ఒకసారి మైకులోనే అన్నారు, "మన బ్రదర్ రాస్తే చీటీ కూడా కీర్తనలా ఉంటుందండీ" అని. ఆ మాట నా లోపల చాలాకాలం నిలిచింది.

మూడేళ్ల కిందటి ఎండాకాలం. మొదటి ఆదివారం. తొమ్మిదిన్నర అవుతోంది, పాటలు మొదలవుతున్నాయి. ఆమె మెట్లెక్కి వచ్చింది. నలభై దాటిన మనిషి. గుడికి వచ్చినట్టు చెప్పులు కిందనే వదిలింది. చేతిలో దవాఖానవాళ్లిచ్చిన చిన్న కాగితం ఉంది.

బాటసింగారం పండ్ల మార్కెట్‌లో ఆమె, ఆమె భర్త పనిచేస్తారట. నల్గొండ వైపు నుంచి వచ్చి అక్కడే కిరాయి గదిలో ఉంటున్నారు. శుక్రవారం నాడు మామిడికాయల డబ్బాలు దించుతుంటే ఆయన లారీ మీది నుంచి పడ్డాడు. కొత్తపేట దిక్కున్న దవాఖానలో చేర్చారు. రక్తం ఎక్కించాలి, బదులుగా రక్తం ఇచ్చేవాళ్లను ఇద్దరిని పిలుచుకురమ్మన్నారు. ఏ గ్రూపైనా ఫరవాలేదన్నారు. మార్కెట్‌లోవాళ్లకు ఫోన్ చేస్తే లోడు వదిలి ఎవరూ రాలేకపోయారు. ఆయన తమ్ముడు ఊర్నుంచి రావడానికి సాయంత్రమవుతుంది. దవాఖాన ముందర చాయ్ అమ్మే ఆయన మా గల్లీ చూపించి, ఆదివారం అక్కడ చాలామంది ఉంటారు, పోయి అడుగు, కాదనరు అని చెప్పాడట.

"ఇద్దరుంటే సాలు సారూ," అంది. "ఎవరన్నా ఒస్తే నేనే తోలుకపోయి మల్ల తోలుకొస్త."

నాకు ఆ క్షణంలో తోచినవి దాచకుండా రాస్తాను. మొదట తోచింది, నేను వెళ్లొచ్చు అని. నడిచినా పావుగంట దూరం. రెండోది, ఈ రోజు నా ప్రసంగం ఉంది అని. సంఘంలో మొట్టమొదటిసారి నాకు పది నిమిషాలు ఇచ్చారు, ఒలీవ చెట్టు గురించి మాట్లాడమని. ఒలీవ చెట్టును నేను కంటితో చూడలేదు. కానీ గ్రంథాలయంలో వారం రోజులు కూర్చుని దాని వేర్ల గురించీ, కాయను గానుగ ఆడే పద్ధతి గురించీ నాలుగు పేజీలు రాసుకున్నాను. ఆ పేజీలు చొక్కా జేబులో ఉన్నాయి. మూడోది ఈ రెండింటికంటే పనికొచ్చింది. ఈ రోజు అందరం ఉపవాసంలో ఉన్నాం, ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వకూడదు, బల్ల అయ్యాక ఏదైనా తిని వెళ్లడమే పద్ధతి. ఇది అబద్ధం కాదు. అందుకే దాని మీద నిశ్చింతగా కూర్చోగలిగాను. కింద గల్లీ మొదట్లో పండ్ల బండి ఉందన్న సంగతి నాకు తెలుసు. అది మాత్రం తోచలేదు.

చీటీ తీశాను. ఆయన పేరు అడిగితే ఇంటిపేరుతో సహా చెప్పింది. రాసి చూసుకుంటే వాక్యం నడక బాగాలేదు. చింపేసి ఇంకో చీటీ మీద ఇట్లా రాశాను: "ప్రమాదమున గాయపడి ఆసుపత్రిలోనున్న ఒక సోదరుని స్వస్థత కొరకును, అతనికి కావలసిన రక్తదాతలు సమకూడునట్లును." మూలన పంతొమ్మిది వేసి ఆమెకు చూపించాను. మీది పంతొమ్మిదో నంబరు, అయ్యగారు పిలిచినప్పుడు అందరికీ తెలుస్తుంది, కూర్చోమ్మా అన్నాను. ఆమె తలూపి వెళ్లి ఆడవాళ్ల వైపు చాపమీద, గోడవారగా కూర్చుంది.

ఇప్పుడు ఆలోచిస్తే ఆమె ఎట్లా అర్థం చేసుకుందో తెలుస్తుంది. రెండు రోజులుగా దవాఖానలో ఆమెకు అందరూ చెప్పింది అదే. పేరు రాయించు, చీటీ తీసుకో, కూర్చో, నంబరు వస్తే పిలుస్తారు. పిలిచినప్పుడు లేకపోతే నంబరు పోతుంది. మా దగ్గర కూడా అంతే అనుకుంది. పిలిచాక ఇద్దరు మనుషులు తన వెంట నడుస్తారనుకుంది. ఈ నంబరు ప్రార్థనకే, మనుషులను పంపడానికి కాదని నేను చెప్పి ఉంటే ఆమె వెంటనే వేరేచోటికి పోయేది, లేదా భర్త దగ్గరికి తిరిగి వెళ్లేది. ఆమెను అక్కడ కూర్చోబెట్టింది నా నంబరు.

పాటలయ్యాయి. నా ప్రసంగం బాగా జరిగింది. మాట్లాడుతూ ఒకసారి ఆమె వైపు చూశాను. చేతిలోని కాగితాన్ని చిన్నగా మడిచి, మళ్లీ విప్పుతోంది. ఆ తర్వాత అయ్యగారు చెప్పిన వాక్యం ఏమిటో నాకు గుర్తు లేదు. ఆయన ఆ రోజు పరాయివాళ్లను ఆదుకోవడం గురించే చెప్పారని రాస్తే ఈ కథ బాగా కుదిరేది. గుర్తు లేనిది రాయను. నిజానికి అది మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. దారిలో పడి ఉన్న మనిషిని పరాయివాడు ఎత్తుకున్న కథ మా సండే స్కూల్ పిల్లలు కూడా తడుముకోకుండా చెప్తారు.

బల్లారాధనలో రొట్టె పళ్లెం ఆడవాళ్ల వైపు వెళ్లినప్పుడు ఆమె చెయ్యి చాపింది. పక్కనున్న సిస్టర్ బాప్తిస్మం పొందినవాళ్లకేనమ్మా అని చెవిలో చెప్పింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది.

చీటీలు మొదలయ్యేసరికి పన్నెండు దాటింది. వీసా కోసం ఒకటి, మోకాళ్ల నొప్పికి ఒకటి, వనస్థలిపురంలో ఇల్లు అమ్ముడుపోవాలని ఒకటి. పంతొమ్మిదోది చదువుతూ అయ్యగారి గొంతు మెత్తబడింది. అందరం గట్టిగా ఆమెన్ అన్నాం. ఆయన ఇరవయ్యో చీటీ తీస్తుండగా ఆమె లేచి నిలబడింది.

"నా నంబరు పిలిచిన్రు గద సారూ," అంది. "ఇగ ఎవరొస్తరు నా ఎంబడి?"

ఆమె కోపంగా అనలేదు. బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందని అడిగినట్టు అడిగింది. అయ్యగారు నా వైపు చూశారు. నేను పుస్తకం వైపు చూశాను.

ముందు లేచింది వెనక వరసలో కూర్చునే ఆటో తమ్ముడు. లేస్తూనే జేబులోంచి తాళంచెవి తీశాడు. తర్వాత హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతున్న అమ్మాయి లేచింది. పిల్లలకు ట్యూషన్ చెప్పే ఒక పెద్దావిడ, ఏలూరు వైపు మనిషి, "నేను ఇవ్వలేనండీ, షుగరు. కానీ ఆవిడ పక్కన కూర్చుంటాను" అని సంచీ తీసుకుంది. చివర నేను లేచాను.

కిందికి దిగాక నర్సింగ్ అమ్మాయి, ఏమైనా తినకపోతే మన రక్తం తీసుకోరు అంది. గల్లీ మొదట్లో బండి దగ్గర ఆగి అరటిపళ్లు తీసుకున్నాం. నిలబడి ఒక్కొక్కరం రెండేసి తిన్నాం. ఆమె ఎదురుగా నిలబడి మా నోళ్ల వంకే చూసింది, తొందరగా అయిపోతే బాగుండునన్నట్టు. పెద్దావిడ ఆమె చేతిలో ఒక పండు పెట్టింది. ఎప్పుడు తిన్నావమ్మా అని అప్పుడు అడిగాం. నిన్న పొద్దున అంది. మా కంటే ఎక్కువ ఉపవాసంలో ఉన్నది ఆమే.

ఆటో తమ్ముడు మెట్రో పిల్లర్ల కింద సందుల్లోంచి తీసుకుపోయాడు. ఏడు నిమిషాలు పట్టింది.

వార్డు గుమ్మం దగ్గరే నర్సు ఆమెను ఆపి, ఎక్కడికి పోయావమ్మా అంది. ఆమె భర్త పన్నెండు కాకముందే పోయాడు. తర్వాత డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి విడమరిచి చెప్పాడు. రక్తం కోసం ఆగలేదట, వాళ్ల దగ్గరున్నది ఎక్కించారట. పది గంటలకు ఒక్కసారిగా ఊపిరి ఇబ్బందైంది, చేయగలిగింది చేశారు, నిలవలేదు. మీరు ముందొచ్చినా ఇది మారేది కాదన్నాడు. అది నా కోసం చెప్పిన మాట కాదు. అయినా ఒక్క క్షణం నా గుండె బరువు దిగింది. ఆ దిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

వాళ్లు ఆమె కోసం ఫోన్ చేశారట. ఫారంలో రాసిన నంబరు ఆయనదే. ఇద్దరికీ ఒకటే ఫోన్. ఏమన్నా కావాలంటే చేయడానికి ఉంటుందని ఆమె దాన్ని ఆయన దగ్గరే పెట్టి వచ్చింది. అది ఆయన తలగడ కిందే మోగింది.

పక్క మంచం మీద కాలికి కట్టు కట్టించుకున్న మనిషి ఉన్నాడు, ముస్లిం, మెకానిక్ పని చేసేవాడట. ఆయన ఆమెను దగ్గరికి పిలిచాడు.

"రెండుసార్లు అడిగిండక్కా నీ గురించి. మందులకు పోయింది, ఇప్పుడే ఒస్తదని చెప్పిన. నా చెయ్యి ఇచ్చిన, పట్టుకున్నడు. ఆఖరి దాంక పట్టుకునే ఉన్నడు. పరేషాన్ కాకు."

తర్వాత గమనించాను. కాలు కదపకూడని మనిషి అంతదూరం చెయ్యి చాపడానికి ఒంటినంతా మంచం అంచుకు జరుపుకున్నాడు. నర్సులు తిట్టి మళ్లీ సరిగ్గా పడుకోబెట్టారు.

ఆమె గట్టిగా ఏడవలేదు. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు పట్టుకుంది. ఆ పాదాల పక్కన దుప్పటి మీద అరటిపండు ఉంది. అప్పటిదాకా అది ఆమె చేతిలోనే ఉన్న సంగతి ఎవరమూ చూడలేదు. నేను దగ్గరికి వెళ్లి క్షమించమ్మా అనబోయాను. మాట రాకముందే ఆమె తలెత్తింది.

"మీరు కూసోమంటే కూసున్న గద సారూ," అంది. "నంబరు పోతదని నీళ్లకు గూడ లేవలే."



మధ్యాహ్నం అంబులెన్స్ మాట్లాడి బాటసింగారం తీసుకెళ్లాం. వాళ్ల కిరాయి గది ముందు సందు ఇరుకు. పది గజాలు మోయాలి. నేను కళ్లు మూసుకుని నిలబడి లోపల ఏదో ప్రార్థన వెతుక్కుంటున్నాను. ఆటో తమ్ముడు నా భుజం మీద తట్టాడు. "ప్రార్థన నడుస్తనే చేస్కో అన్నా. ముందుగాల కాళ్ల దిక్కు పట్టు," అన్నాడు. పట్టాను. మార్కెట్ నుంచి నలుగురైదుగురు వచ్చారు. సాయంత్రానికి ఆయన తమ్ముడు వచ్చాక వాళ్ల పద్ధతిలో అన్నీ జరిగాయి. పెద్దావిడ చీకటిపడే దాకా ఆమె పక్కనే కూర్చుంది. మాట ఇచ్చినట్టు కూర్చుంది.

తర్వాతి ఆదివారం ప్రార్థన పుస్తకంలో ప్రతి పేజీకీ స్కేలు పెట్టి ఇంకో గీత గీశాను. ఆ గడికి పైన "ఎవరు వెళ్తున్నారు" అని రాశాను. ఒక సంఘపెద్ద ఇది దేవుని పుస్తకమా ఆఫీసు రిజిస్టరా అని అడిగాడు. అయ్యగారు పుస్తకం తన వైపు తిప్పుకున్నారు. "ఆ గీత నేను గీయాల్సిందండీ," అన్నారు. ఉపవాసం సంగతి తేల్చింది మాత్రం నర్సింగ్ అమ్మాయి. మొదటి ఆదివారం ఇంతమందిలో రక్తం ఇవ్వగలిగినవాళ్లు, ఎండలో పరుగెత్తగలిగినవాళ్లు ఒక్కరూ లేరు సార్, ఇద్దరన్నా తిని రావాలి అంది. పాతవాళ్లకు అది మింగుడుపడలేదు. బల్ల ముందు తినడమా అన్నారు. నెమ్మదిగా ఒప్పుకున్నారు. సాయం అడగడానికి వచ్చినవాళ్లతో పాటలప్పుడైనా లేచి వెళ్లిపోవడం ఆ ఇద్దరి పని. మొదటి వంతు నేను తీసుకున్నాను. ఆ పొద్దున మా ఆవిడ పెట్టిన ఇడ్లీ తిని బయల్దేరాను.

అప్పుడప్పుడు బాటసింగారం వెళ్లేవాణ్ని. ఒక్కొక్కసారి పెద్దావిడ కూడా వచ్చేది. భర్త పోయాక కూడా ఆమె మార్కెట్‌లోనే బత్తాయిలు ఏరే పనిలో ఉండేది. నన్ను చూస్తే తిన్నారా సారూ అని అడిగేది. ఆమె అడిగేది మామూలుగానే. నాకే అది మామూలుగా వినపడేది కాదు.

ఒకరోజు కాయలు ఏరుతూనే అడిగింది.

"ఆ దినం నా చీటీల ఏం రాసిన్రు సారూ?"

నాకు కంఠతా వచ్చు. చెప్పాను. ఆమె చేతులు ఆగాయి. ఇంకోసారి చెప్పమంది. చెప్పాను.

"ఆయిన పేరు లేదు గదా అండ్ల," అంది. "నేను చెప్పిన గద. ఇంటిపేరు గూడ చెప్పిన."

వాక్యం బాగుండాలని తీసేశానని ఎట్లా చెప్పను? చెప్పాను. దాచిపెట్టి ఆమె ముందు నిలబడలేకపోయాను. ఆమె చేతిలోని బత్తాయిని పక్కన పెట్టి, అయితే అంతమంది మొక్కింది ఎవరికోసమో ఆ దేవునికి ఎట్ల తెలుస్తది అంది. అయ్యగారినడిగితే దేవునికి అన్నీ తెలుసు అని చెప్తారు. అది నిజమే అయ్యుండొచ్చు. కానీ ఆమె అడిగింది దేవుని గురించి కాదనిపించింది.

ఆ ఆదివారం పుస్తకం తెరిచి ఆ పేజీకి వెళ్లాను. పంతొమ్మిదో వరసలో ఒక సోదరుని అన్నచోట కొట్టేసి, ఆయన పేరు ఇంటిపేరుతో సహా రాశాను. అక్కడ చోటు లేదు. అక్షరాలు గీత దాటి ఇవతలి గడిలోకి వచ్చాయి, ఎవరు వెళ్తున్నారు అన్న గడిలోకి. అట్లాగే ఉంచాను.

ఇది రాస్తున్నానని చెప్పి, ఆయన పేరు ఇక్కడ పెట్టనా అని ఆమెను అడిగాను. బయటోళ్లకెందుకు సారూ, మీ బుక్కుల ఉంటే సాలు అంది. ఆయన పేరు లేనిచోట మా ఎవరి పేర్లూ ఉండటం నాకు ఇష్టం లేదు. అందుకని సాయపడినవాళ్లకు పేర్లు లేకుండానే దండం పెడుతున్నాను. మాటకంటే ముందు తాళంచెవి తీసిన ఆటో తమ్ముడికి. ఉపవాసం గురించి మా పెద్దల ఎదుట నోరు విప్పిన అమ్మాయికి, ఇప్పుడామె ఏదో దవాఖానలో నర్సు. కూర్చుంటానని చెప్పి కూర్చున్న పెద్దావిడకు, ఆమె పోయి ఏడాదవుతోంది. గీత ఒప్పుకున్న అయ్యగారికి. మేం కాదనమని మా మీద నమ్మకం పెట్టిన చాయ్ ఆయనకు, ఆయన బండి ఇప్పుడు అక్కడ లేదు. ఈ కాగితాలు రాసుకోవడానికి కిటికీ పక్క బల్ల ఇచ్చిన, గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే అమ్మకు. మంచం అంచుకు జరిగి చెయ్యి చాపిన మెకానిక్ అన్నకు. ఆ రోజు ఆ చెయ్యి నాది కావాల్సింది, లేకుంటే ఆమెది.

రేపు మొదటి ఆదివారం. గోడమీద కాగితంలో నా వంతు ఉంది.